కనీస బరువు నిబంధన: క్లబ్ రేసు కారును సరైన తరగతిలో నిలబెట్టే విధానం

ఔత్సాహికుల కారు రేసుల్లో తరగతులను విడదీసేవి ప్రధానంగా మూడు: ఇంజిన్ సామర్థ్యం, మార్పులకు ఇచ్చిన అనుమతి, కనీస బరువు. మొదటి రెండింటి గురించి తిరుపతి ఆటోనగర్‌లో ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. మూడోది మాత్రం స్క్రూటినీ (రేసుకు ముందు అధికారులు కారును పరీక్షించే) రోజు దాకా చాలామందికి గుర్తుకే రాదు. నా దృష్టిలో కారు కొనకముందే, కనీసం రోల్‌కేజ్‌కు (కారు పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే ఇనుప గొట్టాల చట్రానికి) వెల్డింగ్ మొదలుపెట్టకముందే తేల్చుకోవలసిన విషయం ఇది. తేలిగ్గా ఉన్న కారుకు బరువు కలపడం ఒక పూట పని. బరువెక్కిన కారు నుంచి ఇరవై కిలోలు దించడం నెలల తరబడి సాగే పని, ఒక్కోసారి నిబంధనల లోపల అసలు సాధ్యం కాని పని.

మన ప్రాంతం నుంచి రేసుకు వెళ్లేవారికి దగ్గరి ట్రాక్ శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్వహించే ఈ ట్రాక్ 1990లో ప్రారంభమైంది, పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. తిరుపతి వారు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా, చిత్తూరు వారు రాణిపేట, కాంచీపురం మీదుగా అక్కడికి చేరవచ్చు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే తరువాతి అవకాశం. ఎక్కడ పాల్గొన్నా ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా లైసెన్సూ, ఆ పోటీకి ఆ ఏడాది వెలువడిన సాంకేతిక నిబంధనల ప్రతీ చేతిలో ఉండాలి. నిరుటి ప్రతితో కారు కట్టవద్దు. బరువు అంకెలు, వాటి పక్కనుండే షరతులు మారుతూ ఉంటాయి.

మొదటి అడుగు: అంకెను కాదు, దాని షరతును చదవండి

“కనీస బరువు 885 కిలోలు” అన్న వాక్యం అంతటితో అసంపూర్ణం. ఆ బరువులో డ్రైవర్ కూడా ఉన్నాడా, ఉంటే హెల్మెట్, సూటు, బూట్లతో సహానా? ట్యాంకులో ఇంధనం ఎంత ఉండాలి, లేక పూర్తిగా ఖాళీ చేసి తూస్తారా? ఎప్పుడు తూస్తారు: స్క్రూటినీలోనా, క్వాలిఫయింగ్ (రేసులో బయలుదేరే స్థానాలు తేల్చే పరుగు) తరువాతనా, రేసు ముగియగానేనా? నీళ్లు, ఆయిల్ వంటివి నింపుకోవడానికి తూకానికి ముందు అనుమతి ఉందా? ఈ ప్రశ్నలకు నిబంధనల పుస్తకంలో సమాధానం ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, ఆ పేరాను ముద్రించి పనిచేసే చోట గోడకు అతికించండి. డ్రైవర్‌తో కలిపి 885 కిలోలు అనడానికీ, డ్రైవర్ లేకుండా 885 కిలోలు అనడానికీ మధ్య ఉండే తేడా ఒక మనిషి బరువంత. అంత తేడాతో కారు వేరే తరగతిలోకి వెళ్లవలసి వస్తుంది.

ఈ షరతులు పెద్ద పోటీల్లో కూడా ఫలితాలను తారుమారు చేశాయి. 2024 బెల్జియం గ్రాండ్ ప్రిలో మొదటి స్థానంలో గీత దాటిన జార్జ్ రస్సెల్ కారు రేసు తరువాత కాటా మీద సరిగ్గా 798 కిలోలు తూగింది. కనీస బరువు కూడా అంతే. అయితే నిబంధన ప్రకారం ట్యాంకులో మిగిలిన 2.8 లీటర్ల ఇంధనాన్ని బయటికి తీసి మళ్లీ తూచినప్పుడు అది 796.5 కిలోలకు దిగి, ఆ విజయం రద్దయింది. వందలాది ఇంజినీర్లున్న జట్టుకే ఒకటిన్నర కిలో తేడా వచ్చినప్పుడు, ముగ్గురు స్నేహితులు కలిసి కట్టిన కారుకు ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కరలేదు.

డ్రైవర్‌ను కలిపి తూచే పద్ధతే న్యాయమైనదని నేను అనుకుంటాను. ఫార్ములా వన్ కూడా 1995 నుంచి డ్రైవర్‌ను కనీస బరువులో చేర్చింది. కారును విడిగా తూస్తే 60 కిలోల మనిషికి 90 కిలోల మనిషి మీద ఉచితంగా 30 కిలోల లాభం దక్కుతుంది. మీ పోటీలో ఇంకా విడి తూకమే అమల్లో ఉంటే, మీ శరీరపు బరువు కూడా తరగతి ఎంపికలో లెక్కలోకి రావాలి.

రెండో అడుగు: ఆ అంకె ఎలా పుట్టిందో తెలుసుకోండి

కనీస బరువును నిర్ణయించే పద్ధతులు స్థూలంగా మూడు. పాతది, సులువైనది ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి మెట్లుగా పెట్టడం: సీసీ పెరిగే కొద్దీ కిలోలు పెరుగుతాయి. రెండోది ఒకే మోడల్ కార్లు పరిగెత్తే పోటీలది. అక్కడ అందరికీ ఒకే అంకె, వాదనకు తావు లేదు. మూడోది శక్తికీ బరువుకూ మధ్య నిష్పత్తిని ముందు నిర్ణయించి, దాని నుంచి ఒక్కొక్క మోడల్‌కు విడివిడిగా బరువు కట్టడం. అమెరికాలోని స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా తన ఇంప్రూవ్డ్ టూరింగ్ తరగతుల్లో ఈ పద్ధతినే వాడుతుంది. ఫ్యాక్టరీ చెప్పిన హార్స్‌పవర్‌కు, ఆ తరగతిలో అనుమతించిన మార్పుల వల్ల వచ్చే పెరుగుదలను కలిపి, దాన్ని తరగతి నిష్పత్తితో గుణించి, ఆ తరువాత ముందు చక్రాల డ్రైవ్, బ్రేకులు, సస్పెన్షన్ వంటి వాటికి కొంత కూడిక, కొంత తీసివేత చేస్తారు.

లెక్క పద్ధతి అర్థం కావడానికి ఊహాత్మకమైన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 85 హార్స్‌పవర్ గల 1300 సీసీ ముందు చక్రాల డ్రైవ్ కారు ఉంది. అనుమతించిన మార్పులతో శక్తి 25 శాతం పెరుగుతుందని నిర్వాహకులు అంచనా వేస్తే అది సుమారు 106 హార్స్‌పవర్ అవుతుంది. తరగతి నిష్పత్తి ఒక హార్స్‌పవర్‌కు 8.5 కిలోలు అనుకుంటే 903 కిలోలు వస్తుంది. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ముందు చక్రాలే లాగాలి, తిరగాలి కూడా. ఆ ఇబ్బందికి పరిహారంగా 2 శాతం, అంటే 18 కిలోలు తగ్గిస్తే డ్రైవర్‌తో కలిపి 885 కిలోలు.

ఈ లెక్క మీకు రెండు రకాలుగా పనికివస్తుంది. ఒకటి, అంచనా వేసిన 25 శాతం పెరుగుదల మీ ఇంజిన్‌లో నిజంగా వస్తుందో లేదో డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద చూసుకోవచ్చు. పదిహేను శాతమే వస్తే మీరు ఆ తరగతిలో పుట్టుకతోనే బరువైన కారు నడుపుతున్నట్టు. రెండు, మీ మోడల్‌కు ఇచ్చిన అంకె అన్యాయమనిపిస్తే క్లబ్బుకు రాసే విజ్ఞప్తిలో “మా కారు గెలవడం లేదు” అని కాకుండా, ఏ గుణకం ఎందుకు తప్పో డైనో కాగితంతో చూపవచ్చు. మొదటి రకం లేఖలను సాంకేతిక కమిటీలు పక్కన పెట్టేస్తాయి, పెట్టడమే సబబు కూడా.

మూడో అడుగు: మీ కారు అసలు బరువు తెలుసుకోండి

బ్రోచరులోని కర్బ్ వెయిట్‌ను గానీ, ఆర్‌సీలో రాసిన అన్‌లాడెన్ వెయిట్‌ను గానీ (రెండూ మనుషులు, సామాను లేని కారు బరువులే) ఆధారంగా తీసుకోవద్దు. ఒకే మోడల్‌లో వేరియంట్ మారితే బరువు మారుతుంది. పాత కారులో ప్రమాదం తరువాత వేసిన పుట్టీ, రెండోసారి కొట్టించిన తారు కోటింగు కూడా బరువే. తూచాలి, తూచిన అంకెనే నమ్మాలి.

మన జిల్లాల్లో వే బ్రిడ్జిలకు కొదవ లేదు. గ్రానైట్, ఇసుక, చెరకు, జూన్, జులై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి మామిడి, అన్నీ వాటి మీదుగానే పోతాయి. అయితే ఆ స్లిప్పును ఒకసారి పరిశీలనగా చూడండి: చివరి అంకె ఎప్పుడూ సున్నాయే. 60 టన్నుల లారీ కాటా సాధారణంగా 10 కిలోల మెట్లలో మాత్రమే చూపుతుంది, కొన్ని 20 కిలోల మెట్లలో చూపుతాయి. 885 కిలోల కారును అది 880 అనవచ్చు, 890 అనవచ్చు, రెండూ దాని లెక్కలో సరైనవే. ఇండికేటర్ దగ్గరి పలక మీద గరిష్ఠ బరువు, కనిష్ఠ బరువు, ఒక్కో మెట్టు విలువ చెక్కి ఉంటాయి. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏ తేదీదో కూడా చూడండి. మామిడి లారీల క్యూ ఉన్న రోజుల్లో మీ చిన్న కారుకు కాటా మనిషి ఓపిక చూపడు కాబట్టి తెల్లవారుజామున వెళ్లడం మంచిది. ప్రాజెక్టు ఆరంభంలో ఒక స్థూలమైన అంచనాకు వే బ్రిడ్జి చాలు. తుది నిర్ణయానికి చాలదు.

తుది తూకానికి నాలుగు చక్రాల కింద నాలుగు విడి కాటాలు కావాలి. రేసింగ్ స్కేల్ ప్యాడ్లు ఖరీదైనవి, కానీ పాత ఇనుప సామాను కొట్లలో, కూరగాయల మండీల్లో వాడే 500 కిలోల ఎలక్ట్రానిక్ ప్లాట్‌ఫారం కాటాలు నాలుగు అద్దెకు దొరికితే అవీ పనిచేస్తాయి. వాటి ఖచ్చితత్వం వే బ్రిడ్జి కంటే ఎన్నో రెట్లు మెరుగు. నాలుగింటి పైతలాలు ఒకే మట్టంలో ఉండేలా పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి మేస్త్రీలు చూసే పద్ధతిలో సరిచూడండి, ఎత్తు తక్కువైన కాటా కింద రేకులు పెట్టండి. తెలిసిన బరువు ఒకదాన్ని, ఉదాహరణకు ముద్ర ఉన్న 20 కిలోల తూకపు రాళ్లు రెండింటిని, నాలుగు కాటాల మీదా మార్చి మార్చి పెట్టి అన్నీ ఒకే అంకె చూపుతున్నాయో లేదో ముందే గమనించండి.

అదే కొట్లోని చిన్న కాటా మీద, కారు నుంచి విప్పిన ప్రతి వస్తువునూ తూచి ఒక పుస్తకంలో రాయండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఈ మార్గదర్శిలో అన్నిటికంటే లాభసాటి పని ఇదేనని చెబుతాను. పై ఉదాహరణలోని కారునే కొనసాగిద్దాం: పూర్తి ట్యాంకుతో, అంటే 40 లీటర్ల పెట్రోలుతో 875 కిలోలు అనుకోండి. పెట్రోలు లీటరుకు సుమారు 740 గ్రాములు కాబట్టి రేసు చివరికి 5 లీటర్లే మిగిలేలా చూస్తే 26 కిలోలు తగ్గుతాయి. సీట్లు, కార్పెట్లు 60, స్పేర్ చక్రం, జాకీ, పనిముట్లు 17, ఏసీ భాగాలు 20, డోర్ ప్యాడ్లు, పైకప్పు గుడ్డ, నేలకు అతికించిన తారు పలకలు 17 అనుకుంటే మొత్తం 140 కిలోలు పోయి 735 మిగులుతుంది. తారు పలకల విషయంలో ఒక మాట: మన ఎండలకు అవి బంకలా సాగి ఉలికి అతుక్కుంటాయి, కాబట్టి చలికాలపు ఉదయాన గానీ, ఐస్ పెట్టి గట్టిపరచి గానీ కొడితే పెచ్చులుగా ఊడివస్తాయి. విప్పే ముందు మీ తరగతి నిబంధనలు వీటిలో ఏవి తీయనిస్తాయో చూసుకోండి. డ్యాష్‌బోర్డు, డోర్ ప్యాడ్లు ఉండితీరాలనే తరగతులు ఉన్నాయి.

ఇక కలిపేవి. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ కార్లకు పెట్టిన సాంకేతిక నిబంధనలు, అంటే అపెండిక్స్ జె ప్రకారం రోల్‌కేజ్ ప్రధాన కమానుకు (డ్రైవర్ సీటు వెనుక అడ్డంగా నిలిచే వంపు గొట్టానికి) 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం గల గొట్టం వాడవచ్చు. అది మీటరుకు 2.6 కిలోలు తూగుతుంది. మిగతా కడ్డీలకు 38 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం గల గొట్టం మీటరుకు 2.2 కిలోలు. ప్రధాన కమానుకు నాలుగున్నర మీటర్లు, మిగతాదానికి 14 మీటర్లు పడితే, అడుగు పలకలతో కలిపి సుమారు 46 కిలోలు. రేసింగ్ సీటు, బిగింపులు 14, బెల్టులు, మంటలార్పే సిలిండరు 8, కటాఫ్ స్విచ్ (కారులో కరెంటు మొత్తం ఆపేసేది), లాగుడు కొక్కేలు 2. మొత్తం 70 కలిపితే కారు 805 కిలోలు. అందులో 77 కిలోల మనిషి 5 కిలోల సామగ్రి ధరించి కూర్చుంటే 887.

కనీస బరువు 885, మన కారు 887. కాగితం మీద ఇంతకంటే అందమైన ఫలితం ఉండదు. ఇదే కారులో 95 కిలోల మనిషి కూర్చుంటే 905 అవుతుంది, అంటే 20 కిలోల అనవసరపు భారం రేసంతా మోయాలి. 60 కిలోల వ్యక్తి కూర్చుంటే 870. పదిహేను కిలోల బ్యాలస్ట్ (లోటు పూడ్చడానికి కారులో బిగించే అదనపు బరువు) పెట్టుకోవాలి, పైగా దాన్ని తనకు నచ్చిన చోట పెట్టుకునే వెసులుబాటు కూడా దక్కుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఇలా విప్పిన కారు ఇక రోడ్డు మీద నడపదగినది కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహన స్వరూపంలో ఇలాంటి మార్పులను నిషేధిస్తుంది. ట్రాక్‌కు దాన్ని ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకువెళ్లండి. ఘాట్ రోడ్డు మీద “ఒక్కసారి” పరీక్షించాలనే ఆలోచన అసలే వద్దు; తిరుమల దారిలో నిర్ణీత సమయం కంటే ముందు చేరడమే తప్పు.

నాలుగో అడుగు: తరగతిని ఎంచుకోండి

ఇప్పుడు మీ చేతిలో రెండు అంకెలు ఉన్నాయి: నిబంధన కోరే బరువు, మీ కారు చేరగల అతి తక్కువ బరువు. రెండోది మొదటిదాని కంటే పది పదిహేను కిలోలు తక్కువగా ఉన్న తరగతి మీకు అనువైనది. రెండోది మొదటిదాని కంటే బాగా ఎక్కువగా ఉంటే, ఆ తరగతి మీ మిత్రులందరూ పరిగెత్తేది అయినా సరే, పక్కనపెట్టి పై తరగతిని చూడండి. అక్కడ మార్పులకు ఎక్కువ అనుమతి ఉంటుంది కాబట్టి బరువు దించే దారులూ ఎక్కువ ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. తక్కువ ఖర్చులో రేసు చేయాలనుకునేవారికి ఒకే మోడల్ పోటీ గానీ, అద్దెకు దొరికే ఫార్ములా ఎల్‌జీబీ కారు (అందరికీ ఒకే రకంగా ఉండే ఒంటి సీటు రేసు కారు) గానీ మేలని నా అభిప్రాయం. అక్కడ ఈ తలనొప్పి చాలావరకు నిర్వాహకులదే.

ఐదో అడుగు: బ్యాలస్ట్ పెట్టడం

కనీస బరువు కంటే తేలికగా కారు కట్టి, ఆ లోటును నేల మీద బ్యాలస్ట్‌తో పూడ్చడంలో ఒక తెలివి ఉంది. నేల నుంచి మీటరు ఎత్తున ఉన్న 10 కిలోలను తీసేసి, అదే 10 కిలోలను నేలపలక మీద పెడితే 885 కిలోల కారు గురుత్వ కేంద్రం సుమారు 11 మి.మీ. కిందికి దిగుతుంది. మొత్తం బరువు మారకుండానే మలుపుల్లో కారు మెరుగుపడుతుంది.

అపెండిక్స్ జె ఈ విషయంలో స్పష్టంగా ఉంది: బ్యాలస్ట్ గట్టి, ఏకఖండపు దిమ్మెలుగా ఉండాలి, పనిముట్లతోనే విప్పగలిగేలా బిగించాలి, కారు లోపలి నేల మీద కనిపించేలా ఉండాలి, అధికారులు సీలు వేయడానికి వీలుండాలి. అంటే ఇసుక సంచులు, జిమ్ములోని డంబెల్స్, నీళ్ల డబ్బాలు, తీగతో కట్టిన సీసపు ముద్దలు, వీటిలో ఏదీ చెల్లదు. 300 × 200 × 20 మి.మీ. ఇనుప పలక 9.4 కిలోలు తూగుతుంది, అదే కొలతల సీసపు పలక 13.6 కిలోలు. చోటు ఇరుకైతే తప్ప ఇనుమే మంచిది. కరకంబాడిలో బ్యాటరీ ఫ్యాక్టరీ పక్కనే ఉంది గదా అని పాత బ్యాటరీలు పగలగొట్టి ఇంట్లో సీసం కరిగించే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. ఆ పొగ పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది.

బిగింపు సంగతి ఇంకా ముఖ్యం. ఢీకొన్న క్షణంలో 25 రెట్ల గురుత్వ త్వరణం ఉంటుందనుకుంటే, 9.4 కిలోల పలక 235 కిలోల బలంతో ముందుకు దూకుతుంది, దాని దారిలో ఉండేది మీ కాళ్లు. ఒక్కో పలకకు 8.8 గ్రేడు 12 మి.మీ. బోల్టులు కనీసం రెండు, నైలాక్ (అదురుకు వదులు కాని) నట్లు, నేలరేకు కింద వైపు 3 మి.మీ. మందపు వెడల్పాటి పలక ఉండాలి. చిన్న కార్ల నేలరేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కింద పలక లేకపోతే బోల్టు తల రేకును చింపుకుని వచ్చేస్తుంది. మన దేశపు కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ సీటు ఉండే చోటు బ్యాలస్ట్‌కు సహజమైన స్థానం. అదనంగా మీ నిబంధనలు ఏ కొలతలు కోరితే అవి పాటించండి.

ఇది పూర్తయ్యాక డ్రైవర్‌ను కూర్చోబెట్టి, టైర్లలో రేసు నాటి గాలి ఉంచి, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఎక్కువగా ఒరగకుండా ఆపే కడ్డీ) ఒకవైపు విప్పి, నాలుగు కాటాల మీద మళ్లీ తూయండి. ముందు ఎడమ 268, ముందు కుడి 284, వెనుక ఎడమ 160, వెనుక కుడి 173 వస్తే మొత్తం 885. ముందు కుడి, వెనుక ఎడమ కలిపి 444, అంటే 50.2 శాతం, మూలల మధ్య సమతూకం బాగున్నట్టే. అది 52 శాతం దాటితే ఒకవైపు మలుపులో కారు ఒకలా, రెండో వైపు మరోలా ప్రవర్తిస్తుంది. స్ప్రింగు ఎత్తులను సరిచేయండి.

ఆరో అడుగు: ట్రాక్ దగ్గర

మీ కాటా ఏమి చెప్పినా చివరికి చెల్లేది నిర్వాహకుల కాటా మాటే. ప్రాక్టీసు రోజునే వారి అనుమతితో కారును దాని మీద ఎక్కించి, మీ అంకెకూ దాని అంకెకూ మధ్య తేడా ఎంతో రాసుకోండి. అక్కడి నుంచి ఆ తేడాను కలుపుకునే లెక్క వేయండి.

రేసులో తగ్గే బరువును ముందే ఊహించాలి. ఇరుంగాట్టుకోట్టైలో పది ల్యాపులంటే సుమారు 37 కిలోమీటర్లు. రేసు వేగంలో లీటరుకు 4 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 9 లీటర్ల పైచిలుకు పెట్రోలు, దాదాపు 7 కిలోలు ఖర్చవుతుంది. ఫార్మేషన్ ల్యాపు (రేసు మొదలయ్యే ముందు వరసగా వేసే చుట్టు), ముగింపు ల్యాపు దీనికి అదనం. ఆ ఎండలో డ్రైవర్ చెమట రూపంలో ఒక కిలో దాకా పోవచ్చు, టైర్ల రబ్బరు కొంత అరుగుతుంది. గీత దాటిన తరువాత తూచే పోటీలో బయలుదేరేటప్పుడు 885 ఉంటే చాలదు. నేనైతే రేసు ముగిసే నాటికి కనీస బరువు కంటే 3 కిలోలు ఎక్కువ ఉండేలా లెక్క వేస్తాను. ఆ మూడు కిలోల వల్ల ల్యాపుకు పోయే సమయం అతి స్వల్పం, అనర్హత వల్ల పోయేది వారాంతం మొత్తం.

జెండా పడిన తరువాత నేరుగా అధికారులు చూపిన చోటికే వెళ్లండి. హెల్మెట్ తీసి జట్టు సభ్యుడి చేతికి ఇవ్వవద్దు. డ్రైవర్‌తో కలిపి తూచే పోటీలో అది మీ బరువులో ఒకటిన్నర కిలో. అధికారి చెప్పకముందే ఎవరూ కారును ముట్టుకోకూడదు, నీళ్లు పోయకూడదు. బంపరు ఊడి ట్రాక్ మీద పడిపోయి ఉంటే ఆ సంగతి తూకానికి ముందే చెప్పండి. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది నిబంధనలే తేలుస్తాయి. అంకె తక్కువ వస్తే వాదనకు దిగకుండా కారును కాటా మీద నుంచి దించి, కాటాను సున్నాకు తెచ్చి, మళ్లీ తూయమని మర్యాదగా కోరండి. రెండో తూకం స్లిప్పు మీద సమయం, అధికారి సంతకం ఉన్నాయో లేదో చూసుకున్న తరువాతే ట్యాంకు మూత తెరవండి.